బూట్లు విప్పి గెలిచిన ఆట

మా చిన్నప్పుడు... అంటే కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో, నేను నంద్యాలలో ఇంటర్ చదువుతున్నాను. ఆ రోజు కర్నూలు కాలేజీ వాళ్ళతో మాకు ఫుట్‌బాల్ ఆట. వాళ్ళ మీద మేం ఒక్కసారి కూడా గెలిచింది లేదు.

పొద్దున్నే మా నాయన ఆళ్ళగడ్డ నుంచి బస్సు దిగాడు. మా అన్న వేరు పడ్డాడు, సేద్యానికి మనిషి లేడు, నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. ఆట ఒక్కటి ఆడి వస్తానని బతిమాలుకున్నాను.

"ఆడుకో పో. సాయంత్రం బస్సుకు పోదాం" అన్నాడు.

గెలిస్తే ఆయన మనసు మారుతుందేమోనని నా ఆశ. పిచ్చి ఆశే... పదిహేడేళ్ళవాడికి అంతకంటే ఏం తెలుస్తుంది?

మేం ఎప్పుడూ ఒట్టి కాళ్ళతోనే ఆడేవాళ్ళం. రాజధాని వాళ్ళ ముందు నామోషీ అని మా డ్రిల్లు మాస్టారు ఎవరెవరినో అడిగి పాత బూట్లు తెప్పించాడు. వేసుకుని మేమూ తెగ మురిసిపోయాం. ముందురోజు వాన పడి మైదానమంతా నల్లరేగడి బురద. పది అడుగులు వేసేసరికి ఒక్కో బూటుకు వీశెడు మన్ను... బురద వాళ్ళకూ ఉంది కానీ, బూట్లు వాళ్ళకు అలవాటు. సగం ఆటకే రెండు గోల్స్ కొట్టేశారు.

విరామంలో మా నాయన తలగుడ్డ సర్దుకుంటూ మా మధ్యకు వచ్చాడు. ఆయన ఫుట్‌బాల్ చూడటం అదే మొదలు.

"ఏందప్పా మీ పరుగు? రేగట్లో చెప్పులేసుకోని ఎవుడన్నా మడక దున్నుతాడా? తీసి పారెయ్యండి. కాలి వేళ్ళు మట్లోకి దించి ఉరకండి."

"మర్యాదగా ఉండదు పెద్దాయనా..." అని నసిగాడు మాస్టారు.

"ఓడిపోతే ఉంటాదా మర్యాద?"

బూట్లు విప్పేశాం. మాలో అందరూ సేద్యగాళ్ళ పిల్లలే, రేగట్లో నడక మాకు ఒకరు నేర్పాలా! కోయిలకుంట్ల మస్తాన్ వరసగా రెండు గోల్స్ వేశాడు. కర్నూలు వాళ్ళు బూట్లు ఈడ్చుకుంటూ మా వెనక పడ్డారు. ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా మూడోది నేను వేశాను...

నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. మా నాయన పళ్ళన్నీ కనబడేలా నవ్వడం ఆ రోజే చూశాను. దగ్గరకు వచ్చి నా మొహం మీద బురద తన తలగుడ్డతో తుడిచాడు. "ఉండు, చదువుకో" అంటాడని ఆయన మొహమే చూస్తున్నాను.

"బాగా ఆడినావ్ రా. పెట్టె సర్దుకో, బస్సుకు యాళైతాంది" అన్నాడు.

సర్దుకున్నాను... మళ్ళీ కాలేజీ గడప తొక్కలేదు.

ఆయన మీద కోపం లేదు. అప్పటికే నడుము వంగిపోయిన మనిషి, ఒక్కడే ఎంతని చేస్తాడు? ఆయన తర్వాత ఆ సేద్యమంతా నా నడుము మీద పడింది. ఇప్పుడు అదీ వంగింది, పొలం కౌలుకిచ్చేశాను. మా ఊరి పిల్లలు పొద్దున కాలేజీ బస్సెక్కి నంద్యాల పోయి సాయంత్రానికి ఇల్లు చేరుతున్నారు. చూస్తే సంతోషమే... కాసేపు చూసి, లోపలికి వచ్చి పడుకుంటాను.

గెలిచిన రోజునే చదువు ఆగిపోయిన వాళ్ళు మీలో ఎవరైనా ఉంటే రాయండి, చదువుతాను. ఆ ఆట ఓడిపోయి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి...