కొండెక్కిన మా పంపు

తమిళుల మధ్య మేముండే తుడియలూరులో నాన్న పెట్టిన పంపుల వర్క్‌షాపును ఇప్పుడు నేనే చూస్తున్నాను. నిరుడు నేపాల్‌లో ఒక కొండ ఊరికి తాగునీటి పంపు బిగించడానికి వెళ్లాను. సరిహద్దులో సరుకు మన లారీ నుంచి వాళ్ల లారీకి మారడానికే చాలా రోజులు పట్టింది. తీరా కొండ ఎక్కుతుంటే, కళ్లముందే రోడ్డు విరిగి లోయలోకి జారిపోయింది. డ్రైవరు బ్రేకు వేయబట్టి బతికాం.

వెంటనే నాన్నకు ఫోన్ చేశాను. “పంపు పోతే పోనీ కణ్ణు, నువ్వు వచ్చేయి” అన్నారు, చిన్నప్పటిలా తమిళంలో ముద్దుగా పిలుస్తూ.

అంతలో పై ఊరివాళ్లు కాలిబాటన దిగివచ్చి, పంపును కర్రలకు కట్టి భుజాలకెత్తుకున్నారు. వాళ్లలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, “నువ్వు రాకపోతే ఎవరు బిగిస్తారు?” అని హిందీలో అడిగింది.

“నాన్నా, నేను పైకి పోతా ఉండాను” అని ఫోన్ పెట్టేశాను.

పంపు బిగించి స్విచ్ వేయగానే ముందు బురద, తర్వాత తేట నీళ్లు వచ్చాయి. ఆవిడ దోసిలి పట్టి మొదట నాకే తాగించింది. అంత దూరం సరుకు చేరుతుందా అని ఎవరైనా అడిగితే, చేరుతుందని ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను.