పిట్టకు పెట్టిన రోజు

మా అన్న తాగి తాగి చనిపోయాడు. ఇంత సూటిగా రాస్తే మా వాళ్ళకు నచ్చదు. లివర్ పాడై పోయాడంటారు, కామెర్లంటారు, టైం అట్లా వచ్చిందంటారు. లివర్ దానంతట అదే పాడైందా? రాంగోపాల్‌పేట్‌లో పెయింట్ల దుకాణం మూసేసి ఇరవై ఏళ్ళు ప్రతి సాయంత్రం తాగితే పాడైంది. ఆ తాగుడులోకి నంజుకోవడానికి బోటీ వేయించి పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. పండుగకు పుట్టింటికి పోతే, అన్నకు ఇష్టమని కారం దండిగా వేసి నా చేత్తోనే చేసేదాన్ని. కాబట్టి ఇక్కడ నేను తిట్టేవాళ్ళలో నన్నూ కలుపుకోండి.

తమ్ముడి సంగతి ముందు చెప్పాలి. వాడు కార్ఖానా ఏరియాలో షెడ్డు పెట్టుకుని ఆటోలకు వైరింగ్ పని చేస్తాడు. అన్న పక్కన కూర్చుని అన్నతో సమానంగా తాగినవాడే. అన్న మొదటిసారి రక్తం కక్కుకున్నప్పుడు బాత్రూం కడిగింది వాడు. ఆ రోజు నుంచే మానేశాడు. వాడి ఇంటి దగ్గర ఒక చర్చి వెనక హాల్లో, తాగుడు మానినవాళ్ళు ఆదివారం పొద్దున చేరి చాయ్ తాగుతూ ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకుంటారు. మేము చర్చికి పోయేవాళ్ళం కాదు, అయినా వాడు ఒక్క వారం తప్పలేదు. జీవితాంతం తాగనని ఒట్లు పెట్టుకోవద్దు, ఈ ఒక్క రోజు దాటించు చాలు అన్నారట అక్కడ. అందుకని రోజూ సాయంత్రం పని ముగించి ఇల్లు చేరగానే నాకు ఫోన్ చేసేవాడు. "ఇయ్యాల్టికి అయింది అక్కా" అని పెట్టేసేవాడు. అట్లా ఏడు నెలలు.

మానేసినవాడికి మన దగ్గర బతకడం ఎంత కష్టమో వాణ్ణి చూశాకే నాకు తెలిసింది. అయ్యప్ప మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులు ఎవరూ గ్లాసు చూపించరు, స్వామీ అంటూ దూరం జరుగుతారు. శ్రావణమాసం అన్నా ఒప్పుకుంటారు. "నాకొద్దు" అంటే మాత్రం ఒప్పుకోరు. మా మీద కోపమా, పెళ్ళాం తిట్టిందా, ఒక్క పెగ్గుకు ఏం గాదులే అని పీక్కుతింటారు. చివరికి వాడు టాబ్లెట్లు వాడుతున్నానని అబద్ధం చెప్పడం నేర్చుకున్నాడు. తాగినందుకు కాదు, తాగనందుకు అబద్ధమాడాల్సి వచ్చింది వాడికి.

అన్న పోయిన మూడో రోజు పొద్దున శ్మశానం గోడ పక్కన పిట్టకు పెట్టాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, అందరం దూరంగా జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తి పడినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. వదిన అన్నం, మటన్, బోటీ, వడలు పెట్టింది. ఫ్లాస్కులోంచి చాయ్ పోసి పక్కన రెండు ఉస్మానియా బిస్కెట్లు కూడా పెట్టింది. కాకులు కరెంటు తీగల మీదే కూర్చున్నాయి, దిగలేదు.

అరగంటయ్యాక మా పెద్దనాయిన గొంతు సవరించుకున్నాడు. మా నాన్నకు అన్న ఆయన. మా ఇంట్లో చావులకైనా పెళ్ళిళ్ళకైనా ఆయన చెప్పిందే నడుస్తుంది.

"గిదేందమ్మా, అన్నీ పెట్టినవ్, వాని మందు పెట్టలే. గందుకే ముడుతలేదు. వాడేమన్న చాయ్ తాగెటోడా?" అన్నాడు వదినతో. తమ్ముడి వైపు తిరిగి, "నీకెరుకే గద వాని బ్రాండ్. జల్ది పోయి ఒక క్వార్టర్ పట్కరా" అన్నాడు.

మనిషిని చంపిన సీసాను తెచ్చి అదే మనిషి విస్తరిలో పెట్టాలట! అది తేవడానికి అంతమందిలో మానేసినవాడే కనిపించాడట! నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఇరవైమందిమి నిలబడి ఉండి ఒక్కరం అడ్డు చెప్పలేదు. తమ్ముడు తలవంచుకుని బండి తీశాడు. వాడు కిక్కు కొట్టిన చప్పుడు విన్నాకే నా కాళ్ళు కదిలాయి. ఉరికిపోయి వెనక కూర్చున్నాను.

వైన్ షాపు షట్టర్ అప్పుడే లేపారు. కౌంటర్ ఇనుప జాలీ ముందు అప్పటికే జనం ఉన్నారు. వాడు రోడ్డుకు ఇవతలే బండి ఆపి, హ్యాండిల్ వదలకుండా అట్లాగే కూర్చున్నాడు.

"నేను గా జాలీ కాడికి పోను అక్కా. పోతే రెండు తెస్త. అన్నకొకటి, నాకొకటి."

"ఒక్కటి సుత వద్దు. మర్లి పోదాం పా."

"పెద్దనాయిన లొల్లి జేస్తడు."

"చెయ్యనీ."

ఉత్త చేతులతో తిరిగొచ్చాం. పెద్దనాయిన మమ్మల్ని కొరకొర చూసి, తనే విస్తరి దగ్గరికి నడిచాడు. పిట్ట ముట్టనప్పుడు పోయినవాళ్ళకు మాట ఇవ్వడం మాలో ఉన్నదే. పిల్లల్ని చదివిస్తామంటారు, ముసలి తల్లిని చూసుకుంటామంటారు. మా పెద్దనాయిన చేతులు జోడించి, అందరికీ వినబడేలా ఇచ్చిన మాట ఇది:

"పరేషాన్ గాకు బిడ్డా. పదకొండో దినం నాడు నీ పేరు మీద దావత్ మంచిగ జేస్తం. నీ దోస్తులందరికి మందు పోపిస్తం. జెర ముట్టు నాయినా."

సరిగ్గా అప్పుడే ఒక కాకి దిగి బోటీ ముక్క పట్టుకుపోయింది. "చూసిన్రా, వాని మనసుల గదే ఉండె!" అని అందరూ దండం పెట్టారు. ఆ కాకి మీద నాకు ఇప్పటికీ కోపమే. అది వచ్చింది బోటీ కోసం. దానికి మా పెద్దనాయిన మాట ఏం అర్థమవుతుంది?

పదకొండో రోజుకు ముందు వదిన ఆయనతో ఒక్క మాట చెప్పింది. "నా ఇంట్లకు మందు రావద్దు మామా." ఆయన సరేనన్నాడు. ఇంట్లోకి రానివ్వలేదు నిజమే, సీసాలన్నీ సందు మూలన కారు డిక్కీలో పెట్టించాడు. నేను లోపల అన్నాలు వడ్డిస్తుంటే తమ్ముణ్ణి బయటికి పిలిచారు. టాబ్లెట్ల అబద్ధం ఆ రోజు పని చేయలేదు. "అన్నకు మాటిచ్చినం. సొంత తమ్మునివి, నువ్వే ముట్టకుంటే ఆయన ఆత్మ ఎట్ల తృప్తి పడతది?" అన్నారట. గ్లాసు వాడి చేతిలో పెట్టి, వేళ్ళు మూశారట. ఎన్ని నెలలైంది రా మానేసి, అని మాత్రం ఒక్కరూ అడగలేదట.

ఆ సాయంత్రం ఫోన్ రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు నేనే కార్ఖానాకు పోయాను. షెడ్డు మూసి ఉంది. ఇంటికి పోతే వాడు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నన్ను చూడకుండానే, "ఏడు నెలలు పోయినయి అక్కా" అన్నాడు. పోలేదురా అన్నాను గానీ, నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

పాపం, అన్న మీద బాధతో తాగాడు అని మావాళ్ళంతా జాలిపడ్డారు. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. బాధతో వాడు పది రోజులు చాయ్ తాగాడు. పదకొండో రోజు మందు తాగించింది మీరు.

ఆదివారం పొద్దున వాణ్ణి లేపి, నేనే ఆ హాలు దాకా తీసుకుపోయి, అయిపోయేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆ సాయంత్రం ఫోన్ వచ్చింది. "ఇయ్యాల్టికి అయింది అక్కా. ఒకటో రోజు."

నెల తిరక్కుండానే పెద్దనాయిన ఫోన్ చేశాడు. మాసికానికి ఎవరెవరిని పిలవాలో, ఏమేం తెప్పించాలో చెప్పుకుపోతున్నాడు. తమ్ముణ్ణి తప్పకుండా తీసుకురమ్మన్నాడు.

"వాడు రాడు పెద్దనాయినా," అన్నాను. "ఒకనికి పిట్టకు పెట్టినం. ఇంకొకనికి నేను పెట్ట."

ఆయన ఇంకా ఏదో అంటుండగానే ఫోన్ పెట్టేశాను.