కమాను కింద నిలబడేదెవరు

ఇట్లా దగ్గరగా వచ్చి కూర్చోండి, చాప మీద చోటుంది. నా చిన్నప్పుడు, చిత్తూరు బజారు మధ్యలో ఉండే మా పాత చర్చిలో మా చిన్నమ్మ పెళ్లి ఆగిపోయినంత పనైంది. అదీ ఒక వాకిలి కోసం. ఇప్పుడు తలుచుకున్నా నాకు విసుగే.

అది తెల్లదొరల కాలంలో కట్టిన చర్చి. గోడలు ఎంత మందమంటే, కిటికీ గూట్లో నాలాంటి పిల్ల ముడుచుకుని నిద్రపోవచ్చు. ఎత్తైన పైకప్పు, కిటికీలకు రంగు అద్దాలు, ముందు వాకిలికి పెద్ద కమాను. ఆ యేటి వానలకు కమాను బీటలిచ్చింది. మేస్త్రీ దాన్ని విప్పి ఇటుకతో, సున్నంతో మళ్లీ కట్టాడు. సున్నం నిదానంగా గట్టిపడుతుంది. అందాకా కమాను బరువంతా కింద పోటు పెట్టిన సరుగుడు గుంజలదే. పెళ్లినాటికి ఆ గుంజలు ఇంకా వాకిలికి అడ్డంగానే ఉన్నాయి. పెళ్లివారు పక్క వాకిట్లోంచి రావాలని చర్చి అయ్యగారు ముందే కబురు చేశారు.

మగపెళ్లివారు గూడూరు నుంచి రైల్లో వచ్చారు. పెళ్లికొడుకు పెదనాయన గుంజలు చూసి అక్కడే నిలబడిపోయాడు.

"మా పిల్లోడు దొంగమాదిరి పక్క వాకిట్లో దూరాల్నా? ఆ కట్టెలు పీకించండి. లేదంటే సాయంత్రం బండికే పోతాం."

"పచ్చి సున్నమప్పా, కూలిపోతాది," అన్నాడు మేస్త్రీ.

"ఇంత లావు గోడ ఉండాది, యాడ కూలిపోతాది?"

మా తాతయ్య బతిమాలాడు, అయ్యగారు బతిమాలారు. పెదనాయన వినడే. ఎండ ముదిరింది. నా కొత్త పావడా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. ఆకలి వేరే. లోపలి గదిలో చిన్నమ్మ ముఖం ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయింది. ఒక్క మనిషి పంతానికి ఇంతమందిమి ఆ ఎండలో మాడిపోయాం.

చివరికి మా అవ్వ కొంగు నడుముకు దోపుకుని వచ్చింది. ఆమెకూ ఓపిక అయిపోయింది గానీ, గొంతులో మాత్రం తెలియనివ్వలేదు.

"సరేలే అన్నా, పీకిచ్చేద్దాం. పెద్దోళ్లు మీరు, ఈడొచ్చి కమాను కింద నిలబడండి. మీరు నిలబడినారంటే మాకందరికీ ధైర్యం. మేస్త్రీ, గుంజ పట్టుకోప్పా."

ఆయన మీసం సర్దుకుని ముందుకొచ్చాడు. తలెత్తి ఇటుకల మధ్య తడి సున్నం చూశాడు. మేస్త్రీ చెయ్యి గుంజ మీద పడగానే వెనక్కి వచ్చేశాడు.

"ఎండ జాస్తిగా ఉండాది. ముందు పెండ్లి కానీండి," అని, అందరికంటే ముందు తానే పక్క వాకిట్లోకి తలవంచుకుని దూరాడు.

"ఎవురూ నవ్వబాకండి," అంది అవ్వ మా పిల్లలతో, పళ్లబిగువున.

ఆ రోజు నుంచీ, పంతం పట్టిన మనిషితో నేను వాదించను. బరువు ఎవరి నెత్తిన పడుతుందో వాళ్ల చోట కాసేపు నిలబడి చూడమంటాను. నాకు పంతం వచ్చినప్పుడు ముందు నేనే వెళ్లి నిలబడతాను. చాలాసార్లు వెనక్కి వచ్చేశాను కూడా. వెనక్కి వచ్చినవాళ్లను చూసి నవ్వను.

మీ ఇంటి పెళ్లిళ్లు ఏ వాకిట్లో జరిగినా సంతోషంగా జరగాలి. మీ నెత్తిమీది కప్పు పదికాలాలు చల్లగా నిలవాలి.