కంచం చుట్టూ సంతకాలు

జూన్ మూడు, మంగళవారం, ఉదయం తొమ్మిదీ నలభై. భిలాయిలోని సుపేలాలో ఆటో ఎక్కాను. పక్కన శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన మరియమ్మ. విమానాశ్రయంలో నేల తుడిచేది. లేబర్ ఆఫీసుకు వెళ్తూ అర్జీ నకలు చూపించింది. తనూ తోటి పనివాళ్లూ కలిసి కాంట్రాక్టరును అదనపు గంటలకు కూలి, కూర్చుని తినడానికి ఒక బెంచీ అడిగారు. కింద పదకొండు సంతకాలు, గుండ్రంగా.

“మొదటి సంతకం ఎవరిది?” అన్నాను.

“మొదలేటమ్మా! కంచం బోర్లించి గీత గీసి, సుట్టూ పెట్టేం. ముందెవులు పెట్టేరో కాంట్రాక్టరుకి తెలీకూడదని.”

“తెలిసిందా?”

“తెల్లేదు. అందుకే అందరి గేటు పాసులూ లాగేసుకున్నాడు.”

నాకు ఒళ్లు మండిపోయింది. పాసు లేకపోతే గేటు దాటనివ్వరు. నోరు విప్పినందుకు ఇదా శిక్ష?

పోయినవి: పదకొండు పాసులు, పదకొండు ఉద్యోగాలు, వాటిలో మరియమ్మది తొమ్మిదేళ్లుగా చేస్తున్నది. బెంచీ ఇంకా వేయలేదు.