టేబుల్ రెండులో ఖాళీ గళ్ళు

నా పరిశోధన పేపరు పూర్తయ్యేనాటికి దాన్ని చూపించడానికి ఇంట్లో ఎవరూ లేరు. మా అక్క ఉన్నా చదివేదని కాదు. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, ఇంగ్లీషు కాగితం చూస్తేనే ఆవులించేది. కానీ "అయిపోయిందా? ఏదీ, ఎన్ని పేజీలొచ్చింది?" అని అడిగేది. ఆ మాత్రం అడిగే మనిషి లేకపోతే ఎంత వెలితిగా ఉంటుందో ప్రింటు తీసిన రోజున తెలిసింది.

భీమవరంలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. నలభై దాటాక బుద్ధిపుట్టి పీహెచ్‌డీలో చేరాను. అక్క చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకుంది, నేను పెళ్ళి జోలికి పోలేదు, ఇద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఒక రైతు గారి రొయ్యల చెరువులో ఆక్సిజన్ సాయంత్రం ఎంత ఉంటుందో, తెల్లవారుజాముకి ఎంత పడిపోతుందో రెండు పంటల పాటు కొలవడం నా పని. నాకు బండి నడపడం రాదు. అక్క స్కూటీ నడిపేది, వెనకాల మీటరు పెట్టె ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చునేదాన్ని. చెరువులోకి కట్టిన చెక్కల మీద నడిచి వెళ్ళి, మీటరు వైరు నీళ్ళలోకి వదిలి, అంకె గట్టిగా చెప్పేదాన్ని. అక్క గట్టు మీద కూర్చుని ఫోను వెలుగులో పుస్తకంలో రాసేది. నేను అడక్కపోయినా పక్కన తన సొంత మాట కూడా ఒకటి రాసేది.

రెండో పంట సగంలో ఉండగా అక్క పోయింది. గుండె జబ్బు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది, అంతే. దినవారాలయ్యాక మళ్ళీ చెరువుకు వెళ్ళాను గానీ సాయంత్రాలు మాత్రమే, అదీ ఆటోలో. తెల్లవారుజామున ఆటోలు దొరకవని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి దొరికినా వెళ్ళేదాన్ని కాదు. గట్టు మీద ఆ చిన్న వెలుగు లేకుండా చీకట్లో ఆ చెక్కల మీద అడుగు పెట్టడం నావల్ల కాదు. అలా రెండో పంటకు తొమ్మిదో వారం నుంచి తెల్లవారుజాము రీడింగులు లేవు. టేబుల్ రెండులో ఆ గళ్ళలో చిన్న గీతలు పెట్టి ఊరుకున్నాను.

థీసిస్ ఇవ్వాలంటే ముందు పేపరు ఒకటి అచ్చవ్వాలి. ఎక్కడికి పంపాలో తెలియక మా డిపార్ట్‌మెంట్ హెడ్ గారిని అడిగాను.

"ఆలస్యం అమృతం విషం మేడం. వారంలో వేసేసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారండి. డబ్బు కడితే చాలు. లెక్కకి ఒకటి కావాలి గానీ, ఇవన్నీ చదివేదెవరండి?" అన్నారాయన.

ఆయన మంచికే చెప్పారు. కానీ ఆ ఆఖరి ముక్క నాకు ముల్లులా దిగింది. రెండు పంటల పని, అక్క చేతిరాత, అంతా కలిపి పన్నెండు పేజీలు. ఎవరో ఒక్కరైనా దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవాలని ఉండేది. పీహెచ్‌డీ కన్నా ఎక్కువగా అదే కావాలనిపించేది.

కొన్నాళ్ళపాటు రోజూ కాలేజీ నుంచి రాగానే జర్నళ్ళు వెతుక్కుంటూ కూర్చున్నాను. పేరున్నవి చూస్తే భయం. చేపల చదువులు చెప్పే పెద్దలు నడిపే పాత పత్రిక ఒకటి కనిపించింది. పైసా అడగరు, కానీ జవాబుకే ఆరు నెలలు పడుతుందట. ఇంతలో 'మహనీయులైన ప్రొఫెసర్ గారికి' అంటూ ఒక తొందర జర్నల్ వాళ్ళు మెయిలు పెట్టారు. నేను ప్రొఫెసర్నీ కాదు, మహనీయురాలినీ కాదు. అయినా ఒంటరిగా ఉన్నవాళ్ళు ఏ పలకరింపుకైనా లొంగిపోతారు. పంపేశాను.

మూడోరోజుకే జవాబు వచ్చింది. ఇద్దరు నిపుణులు క్షుణ్ణంగా చదివారట, అన్నివిధాలా అద్భుతంగా ఉందట, ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదట. ఆ పూట నేల మీద నడవలేదు నేను. మర్నాడు అచ్చుకు ముందు చూసుకోమని పేజీలు పంపారు. టేబుల్ రెండు దగ్గర ఆగిపోయాను. ఐదో వారం ఎదురుగా చివరి గడిలో, ఇంగ్లీషు అంకెల పక్కన, తెలుగులో ఇలా ఉంది: 'గట్టు మీద నీరుకట్టె పాము. దిగొద్దన్నాను. వినలేదు.'

అక్క మాట అది. ఇంగ్లీషులో తర్వాత రాద్దామని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించి, మర్చిపోయాను. ఇద్దరు నిపుణులు క్షుణ్ణంగా చదివిన పేపరులో అక్క పాము చెక్కుచెదరకుండా పడుకుని ఉంది. ముందు నవ్వొచ్చింది. ఇటు తిరిగి "చూశావా అక్కా" అని చెప్పబోయాను. పక్కన కుర్చీ ఖాళీ. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆ రోజే పేపరు వెనక్కి తీసుకుంటున్నానని రాసేశాను. హెడ్ గారు నెత్తి కొట్టుకున్నారు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుందండి మీ వరస" అన్నారు. పామును తీసేసి, పేపరును ఆ పాత పత్రికకు పంపాను. ఆరు నెలలన్నది తొమ్మిదయింది. ఈలోగా నాతో చేరినవాళ్ళు థీసిస్ ఇచ్చేసి డాక్టర్లయిపోయారు. నేను ఇంటికొచ్చి మెయిలు చూసుకోవడం, వంట చేసుకోవడం, పడుకోవడం.

ఆఖరికి జవాబు వచ్చింది. నాలుగు పేజీల తప్పులు. పత్రికవాళ్ళు చదవమని ఇచ్చిన, ఊరూ పేరూ చెప్పని ఒక మనిషి నా పేపరును ఉతికి ఆరేశాడు, లేదా ఉతికి ఆరేసింది. పదిహేడో ప్రశ్న ఇది: 'టేబుల్ రెండులో తొమ్మిదో వారం నుంచి తెల్లవారుజాము కొలతలు లేవు. అప్పుడు ఏం జరిగింది?'

కాలేజీలో ఎవరూ అలా అడగలేదు. అందరూ "ధైర్యంగా ఉండండి మేడం" అన్నవాళ్ళే. ఏం జరిగింది అని అడిగింది ఈ మనిషే.

"మీటరు పాడైందని రాసేయండి, గొడవుండదు" అన్నారు హెడ్ గారు. అలాగే రాశాను కూడా. కానీ పంపే ముందు కొట్టేసి, నన్ను చెరువుకు తీసుకువెళ్ళి రీడింగులు రాసిన మా అక్క ఆ వారం చనిపోయింది, తర్వాత ఆ వేళకు నేను వెళ్ళలేకపోయాను అని రాశాను. ఆ వాక్యం రాయడం నాకదే మొదటిసారి. పత్రికవాళ్ళు, కొలతలు చాలవు కనుక ఆ పంట గురించి గట్టిగా తేల్చి చెప్పొద్దన్నారు, కారణం టేబుల్ కింద చిన్న అక్షరాల్లో వేయమన్నారు. వేశాను. పేపరు అచ్చయింది.

ఒక కాపీ చెరువు రైతు గారికి ఇవ్వడానికి మొన్న ఆటోలో వెళ్ళాను. ఆయనకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. గట్టు మీదే నిలబడి పేజీలు తిప్పి, టేబుల్ రెండు దగ్గర ఆగి, గీతల మీద వేలు పెట్టారు.

"ఇక్కడ నుంచి అక్కగారు లేరు కదండి" అన్నారు.

అవునన్నాను.

"ఆ పంట అయ్యేదాకా రోజూ ఆ వేళకి టార్చిలైటు పట్టుకుని ఇక్కడే నిలబడేవాణ్ణండి, చీకట్లో మీరొక్కరూ వస్తారేమోనని."

ఎవరూ అడగలేదని అన్నాళ్ళూ అందరి మీదా కోపం పెంచుకున్నాను. సాయంత్రాలు ఆ గట్టు మీదికే వెళ్తూ కూడా, పొద్దున పూట ఇక రానని ఆయనకు ఒక్క మాటైనా చెప్పలేదు.