ఏడో శనివారం, పది మైళ్లు

పద్మజ కాపెల్ ఊరి పార్కులో కారు దిగేసరికే గుండె దడదడలాడుతోంది. ఇంకా ఒక్క అడుగైనా పరుగెత్తలేదు. పది మైళ్లు పరుగెత్తడానికి ఖాళీ కడుపుతో వచ్చింది మహాతల్లి!

కారణం లేకపోలేదు. భర్త శ్రీధర్ గుండెకి స్టెంట్ వేస్తున్న రోజున హాస్పిటల్ కారిడార్‌లో నిలబడి వెంకన్నకి మొక్కుకుంది. ఆయన క్షేమంగా ఇంటికొస్తే, కాస్త కోలుకున్నాక ఏడు శనివారాలు, సాయంత్రం దీపం పెట్టేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టనని. ఆయన వచ్చాడు. డాక్టర్ నడవమంటే తోడుగా ఈవిడా నడిచింది. ఆయన రెండు మైళ్ల దగ్గర ఆగాడు, ఈవిడ ఆగితేగా! నలభై ఆరేళ్ల వయసులో పదమూడు మైళ్ల హాఫ్ మారథాన్‌కి పేరిచ్చేసింది. మొక్కు మొదలుపెట్టాక చూసుకుంటే తను చేరిన రన్నింగ్ గ్రూపు పెద్ద పరుగులన్నీ శనివారాలే.

ఆరు వారాలు ఎలాగో నెట్టుకొచ్చింది. కోచ్ శశికాంత్‌కి చెబితే పరుగెత్తనివ్వడని నోరు విప్పలేదు. ఈరోజు ఆఖరి శనివారం, పైగా పరీక్ష. రేస్‌లో మరీ వెనకబడినవాళ్లని వ్యాన్ ఎక్కించేస్తారు. అందుకని పది మైళ్లు రెండు గంటల నలభై నిమిషాల్లో పూర్తి చేయనివాళ్లని అసలు పంపనన్నాడు శశికాంత్.

ఏడు మైళ్లు బాగానే సాగాయి. ఎనిమిదో మైలులో చల్లటి చెమట పట్టింది. దారి ఒక పక్కకి ఒరిగినట్టనిపించి కంచె పట్టుకుంది. సైకిల్ మీద వస్తున్న శశికాంత్ గబుక్కున దిగాడు.

"అక్కా, పొద్దున ఏం తిన్నారు?"

"శనివారం కదా... ఉపవాసం."

"పది మైళ్లకి ఫాస్టింగా? మీకేమైనా పిచ్చా అక్కా?" అంటూ అరటిపండు చేతిలో పెట్టాడు. "తింటారా, ఆపేస్తారా? మీరిక్కడ పడిపోతే శ్రీధర్ అన్నకి కాల్ చేయాల్సింది నేను!"

తింటే మొక్కు తప్పుతుంది, ఆయనకేమవుతుందో. తినక పడిపోతే ఆ కబురు విని ఆయన గుండె ఏమవుతుందో. పండు ఒలిచి, నమలకుండానే మింగేసింది.

మిగిలిన దారంతా టైమ్ గుర్తుకొస్తే ఒట్టు. 'తప్పు నాది స్వామీ, నన్నేమైనా చెయ్యి, ఆయన జోలికి పోకు' అనుకుంటూ కారులో ఉన్న ఫోన్ కోసం పరుగెత్తింది. "రెండు ముప్పై ఆరు! అక్కా, పాస్!" అని శశికాంత్ అరుస్తున్నా ఆగలేదు. కారు తలుపు తీసి ఫోన్ చేసింది.

మొదటి రింగు పూర్తి కాకుండానే ఎత్తాడు శ్రీధర్.

"పద్మా, ఏమైంది? పడిపోయావా?"

"లేదండీ. మీరు బాగానే ఉన్నారా? నేను... తినేశానండీ."

పద్మజ ఫోన్ చెవికి అదుముకుంది.

"హమ్మయ్య, తిన్నావు కదా" అన్నాడు శ్రీధర్. "మొక్కు అన్నావు, వద్దంటే వినవు. ఏడు శనివారాల నుంచి నువ్వెక్కడ పడిపోతావోనని ఈ ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటున్నానే. నా గుండె ఎన్నిసార్లు జారిందో నీకేం తెలుసు?"

పద్మజ కారు పక్కన నేల మీద కూలబడి బావురుమంది.