అమ్మోరి పాట, ప్రభువు బల్ల

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళు నిండిన సంవత్సరం, మా నాయనమ్మ మమ్మల్నందరినీ ఒక్కొక్కరిగా మరచిపోసాగింది. మన్యంలో పితూరీ అణిగి, నర్సీపట్నం వీధుల్లో పోలీసులు పలచబడ్డ మరుసటేడు అది. మొదట ఇరుగుపొరుగువాళ్ళ పేర్లు పోయాయి. తరవాత కూరలో ఉప్పు రెండుసార్లు పడడం మొదలైంది. ఒకనాడు సంతకని బయల్దేరి, దారి తెలియక, విస్తళ్ళు కుట్టే అడ్డాకుల మోపులు దించుకుంటున్న కొండవాళ్ళ మధ్య నిలబడిపోయింది. ఆవిణ్ణి ఎరిగిన ఒక కొండమనిషి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మా గుమ్మంలో దిగబెట్టింది. ఇక అత్తని ఒంటరిగా పంపవద్దని మా అమ్మ అంటే, మా నాన్న తల ఊపాడు.

మా నాన్న మిషను బడిలో మాస్టరు. తాతయ్య ఒకప్పుడు బండి మీద చింతపండూ పసుపూ తుని బజారుకి తోలేవాడు. నాకు జ్ఞానం వచ్చేసరికి ఎడ్లను అమ్మేసి ఇంటిపట్టునే ఉంటున్నాడు. కాని ఊళ్ళో మా ఇంటిని అందరూ గుర్తుపట్టేది నాయనమ్మ వల్లనే. ముప్పై ఏళ్ళపాటు ఆవిడ చంకన సంచీ వేసుకుని ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు యేసు ప్రభువు సంగతులు చెప్పింది. చదువు రాదు. విన్నదంతా నోటికి పట్టుకుని చెప్పేది. నాకు ప్రార్థన నేర్పింది ఆవిడే. సంఘంలో ఎవరి విశ్వాసమైనా సన్నగిల్లితే, ఆవిణ్ణి చూసి నేర్చుకోమనేవారు.

అలాంటి మనిషికి ప్రార్థన సగంలో ఆగిపోసాగింది. మొదటి మాట పలికి, రెండో మాట కోసం మా ముఖాల్లో వెతికేది. కొన్నాళ్ళకు తాతయ్య కూడా ఆవిడకు కొత్తవాడైపోయాడు. ఆయన గంజి గిన్నె పట్టుకుని దగ్గరకు వెళ్తే కొంగు తలమీదకు లాక్కుని, "ఎవలు బాబూ నువ్వు?" అనేది.

"ఈ ఇంటోడినేనే. గంజి తాగు" అనేవాడు తాతయ్య.

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. ఆయన గొంతులో విసుగు నేనెప్పుడూ వినలేదు.

ఒక ఆదివారం మందిరంలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చుని ఉన్నాం. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూ, ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగారు. ఆ నిశ్శబ్దంలో నాయనమ్మ పాట ఎత్తుకుంది. అది మా మందిరంలో పాడే పాట కాదు. రోలుగుంట అవతల ఆవిడ పుట్టిపెరిగిన పల్లెలో, అమ్మవారి పండగకు ఆడపిల్లలు గుండ్రంగా తిరుగుతూ పాడుకునే పాట. చిన్నపిల్ల గొంతు తెచ్చుకుని, చప్పట్లతో తాళం వేస్తూ పాడింది. మా అమ్మ చెయ్యి పట్టుకుని ఆపబోతే, "ఉండే, అమ్మోరు ఇంకా రానేదు" అంది. వెనక ఎవరో నవ్వారు. అవతలి వరసలో మా నాన్న మెడ ఎర్రబడడం నాకు ఇక్కణ్ణుంచే కనిపించింది.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద మా నాన్న దగ్గరకు వచ్చారు. ఆయన తాలూకా కచేరీలో గుమాస్తా. మంచి మనిషి. ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు గుమ్మంలో కనిపించేది ఆయనే. చాలా నెమ్మదిగా, ఎవరికీ వినపడకుండా మాట్లాడారు. కాని నేను నాన్న పక్కనే ఉన్నాను.

"మాస్టారూ, మరోలా అనుకోకండి. వచ్చే ఆదివారం ప్రభువు బల్ల ఉంది. అమ్మగారికి రొట్టె ఇవ్వడం ఎలాగా అని ఆలోచిస్తున్నాను."

బాప్తిస్మం పొందినవాళ్ళు ప్రభువు మరణాన్ని తలచుకుని రొట్టె ముక్క తిని, ద్రాక్షరసం తాగే ఆరాధన అది. మా సంఘంలో నెలకోసారి జరిగేది.

"ఆవిడ కావాలని చేస్తోందాండీ?" అన్నాడు నాన్న.

"కావాలని కాదని నాకూ తెలుసు. కాని చివరిదాకా నిలబడినవాళ్ళకే కదండీ రక్షణ."

మా నాన్న దగ్గర జవాబు లేకపోయింది. అది చూసి నాకు భయం వేసింది. లెక్కల్లో గాని వాక్యంలో గాని మా నాన్న దగ్గర జవాబు లేకపోవడం నేను అదే మొదటిసారి చూడడం. అయితే గుమాస్తాగారు చెప్పింది నిజమే అయ్యుండాలి. నాయనమ్మ చివరిదాకా వచ్చి, అక్కడ జారిపోతోంది. ప్రభువు ఎవరో తెలియని ఒక రోజున ఆవిడ ప్రాణం పోతే, ఆ తరవాత ఎక్కడికి పోతుంది? ఇంట్లో ఇంతమంది పెద్దవాళ్ళుండి ఎవరూ ఏమీ చేయడం లేదు కనక, ఆ పని నేనే చేయాలనుకున్నాను.

సోమవారం నుంచి బడి విడవగానే నాయనమ్మని పెరటి అరుగు మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. నిన్ను రక్షించింది ఎవరు అని అడిగేదాన్ని. యేసయ్య అని నేనే చెప్పి, ఆవిడ చేత అనిపించేదాన్ని. అనేది. నేను వంద లెక్కపెట్టి మళ్ళీ అడిగితే నా ముఖంలోకి చూసేది. మంగళవారం యాభై లెక్కపెట్టాను. బుధవారం ఇరవై. గురువారం నాటికి పది లెక్కపెట్టేలోగానే ఆ పేరు పోతోంది. నాకు ఓపిక పోయింది. ఆవిడ జబ్బ మీద గట్టిగా గిల్లాను. బడిలో ఎక్కాలు రానివాళ్ళకు అలాగే వచ్చేవి.

నాయనమ్మ ఏడవలేదు. రెండు చేతులూ జోడించి, "కొట్టకమ్మా. నేర్సుకుంతాను" అంది.

తాతయ్య నూతి దగ్గర నిలబడి అంతా చూశాడు. కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. చేద కింద పెట్టి వచ్చి, మా ఇద్దరి మధ్యా కూర్చుని, ఆవిడ జబ్బ మీద ఎర్రగా కందిన చోట బొటనవేలితో మెల్లగా రాశాడు.

"ఏటి నేర్పుతున్నావే?" అన్నాడు నాతో.

అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. గుమాస్తాగారన్న మాట, నా భయం, నా పాఠాలు అన్నీ చెప్పేశాను. "మర్చిపోయి చచ్చిపోతే నాయనమ్మ నరకానికి పోతాది తాతా" అన్నాను.

ఆయన "నీకా బెంగొద్దు గుంటా" అని, లేచి నూతి దగ్గరకు వెళ్ళిపోయాడు. కాని శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తువ్వాలు భుజాన వేసుకుని నన్ను పిలిచాడు.

"బేగి రా. గుమాస్తాగారింటికి ఎల్లాల. నువ్వూ ఇనాల."

మేం వెళ్ళేసరికి గుమాస్తాగారూ పాస్టరుగారూ వీధరుగు మీద కూర్చుని మర్నాటి ఆరాధన గురించి మాట్లాడుకుంటున్నారు. కుర్చీ చూపిస్తే తాతయ్య కూర్చోలేదు. మెట్టు మీద కూర్చుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"బాబూ, మా ఇద్దరి మద్దెనే ఉండిపోయిన సంగతొకటి ఉన్నాది. మా ఇంటిది ఎవలికీ సెప్పనిచ్చీది కాదు. ఇప్పుడు అదే మర్సిపోనాది. అంచేత నేను సెప్తన్నాను" అని మొదలుపెట్టాడు.

ఆ రోజు విన్నది ఇది. తాతయ్యా నాయనమ్మా పెళ్ళయిన మూడో ఏట, చలికాలంలో, ఊరి పక్క గెడ్డ నీళ్ళలో దిగి బాప్తిస్మం తీసుకున్నారు. నెల తిరక్కుండా నాయనమ్మ అన్నలు బండి కట్టుకుని వచ్చి, అమ్మకు ప్రాణం మీదికొచ్చిందని చెప్పి చెల్లెల్ని తీసుకుపోయారు. తల్లికి ఏమీ కాలేదు. అన్నలు చెడ్డవాళ్ళు కారు. చెల్లెలు తమ చెయ్యి దాటిపోతోందని, అమ్మవారికి కోపం వస్తే ఇంటిల్లిపాదీ పోతారని వాళ్ళ భయం. ప్రభువుని వదిలేశానని అమ్మవారి ముందు చెప్పి దీపం పెడితే మొగుడి దగ్గరకు పంపుతామన్నారు. తాతయ్య రెండుసార్లు వెళ్ళాడు. రెండుసార్లూ పొలిమేర దాటి లోపలికి రానివ్వలేదు. నాయనమ్మ మూడు నెలలు ఒప్పుకోలేదు. నాలుగో నెలలో మా నాన్న కడుపులో కదిలాడు. తండ్రి లేకుండా బిడ్డ పుడతాడేమోనన్న బెంగతో, ఒక పొద్దున్న తనంతట తానే వెళ్ళి దీపం పెట్టి, అందరూ వింటుండగా ఆ మాట చెప్పేసింది.

అన్నలు కొత్త చీర పెట్టి తెచ్చి దిగబెట్టారు. ఇంటికొచ్చాక నాయనమ్మ మందిరం వైపు వెళ్ళలేదు. తాతయ్య బతిమాలితే ఒక్కటే మాట అనేదట: "నేను ఆయన్ని ఒగ్గేసినాను. ఆయన నన్ను ఒగ్గేసే ఉంటాడు." మా వైపు వదిలెయ్యడాన్ని ఒగ్గెయ్యడం అంటారు.

అప్పటి పాస్టరుగారు, నేను పుట్టకముందే పోయిన పెద్దాయన, ఒకరోజు ఇంటికి వచ్చారు. వాకిట్లో కూర్చుని అంతా విన్నారు. "ఒగ్గేసింది నువ్వు కదమ్మా. ఆయన ఒగ్గేశాడని నీకెవరు చెప్పారు?" అన్నారట. అంతే. మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. నాయనమ్మ మూడు రోజులు అన్నం సయించక తిరిగి, నాలుగో రోజున మందిరానికి వెళ్ళింది. ఆ తరవాత సంచీ చంకన వేసుకుని వీధిలోకి దిగిన మనిషి, మతిమరుపు వచ్చేదాకా ఇంట్లో కూర్చోలేదు.

తాతయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "అప్పుడు తెలివుండి ఒగ్గేసింది బాబూ. అప్పుడే ఒగ్గనోడు, తెలివి పోయినాక ఒగ్గేత్తాడేటి?"

పాస్టరుగారు తల దించుకుని వింటున్నారు. గుమాస్తాగారు మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. ఆయన సందేహం ఆయనది, దాన్ని దాచుకునే మనిషి కాదు. "అదంతా సరేనండీ. కాని ఆ నోటితో అమ్మవారి పాట పాడుతున్నారే, దానికేం చెప్తాం?" అని అడిగారు.

తాతయ్య తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆ పాట పాడతన్నది మా ఇంటిది కాదు బాబూ. పదేళ్ళ ఆడగుంట. ఆ గుంటకి ప్రభువు ఇంకా తెల్దు. ఆయనకి మాత్రం ఆ గుంట అప్పుడే తెలుసు."

తాతయ్య లేచి దణ్ణం పెట్టి, నన్ను తీసుకుని బయల్దేరాడు. దారిలో నేను అడిగింది ఒక్కటే: రేపు నాయనమ్మకి రొట్టె పెడతారా అని. "అది ఆల ఇష్టం. పెట్టకపోయినా దానికి తక్కువయ్యేదేటీ లేదు" అన్నాడు. అంత ధీమాగా అంటుంటే, నేను ఆయన చెయ్యి పట్టుకుని గెంతుతూ ఇంటికి వచ్చాను.

మర్నాడు నాయనమ్మకి తెల్లచీర కట్టి తీసుకెళ్ళాం. రొట్టె పళ్ళెం ఆడవాళ్ళ వైపు తెచ్చేది ఎప్పుడూ గుమాస్తాగారే. ఒక్కొక్కరి ముందూ వంగి, పళ్ళెం చాచి, మా వరసకు వచ్చారు. నాయనమ్మ ముందు ఆగారు. మందిరమంతా అటే చూస్తోందని నాకు తెలుసు. ఆయన పంచె సర్దుకుని చాప మీద మోకాళ్ళూని కూర్చున్నారు.

"తీసుకోండి అమ్మగారూ."

నాయనమ్మ పళ్ళెంలోకీ ఆయన ముఖంలోకీ చూసింది. "ఎవలు పంపినారు బాబూ?"

గుమాస్తాగారు పళ్ళెం ఇంకాస్త దగ్గరగా చాచి, "మిమ్మల్ని ఎరిగినవారే పంపారమ్మా" అన్నారు.

"అయితే తింతాను" అంది.

ఆయనే ఒక ముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టారు. పండగనాడు పిల్లలు తిన్నట్టు, అరచెయ్యి నోటికి ఆనించుకుని తినేసింది. ద్రాక్షరసం తాగి, బాగుందనీ, ఇంకొంచెం ఉందా అనీ అడిగింది. ఈసారి నవ్వినవాళ్ళలో గుమాస్తాగారు కూడా ఉన్నారు.

ఆ తరవాత నేను పాఠాలు మానేశాను. బడి నుంచి రాగానే నాయనమ్మ పక్కన కూర్చుని, ఆ పాట నాకూ నేర్పమనేదాన్ని. ఆవిడకు ఎంత సంతోషమో. తాళం తప్పితే నా చెయ్యి పట్టుకుని సరిచేసేది. మా అమ్మ మొదట కంగారుపడింది గాని, తాతయ్య అడ్డు చెప్పకపోవడం చూసి ఊరుకుంది. గిల్లినందుకు క్షమించమని ఆవిణ్ణి అడగాలని ఉండేది. ఏ గిల్లుడు అని అడిగే మనిషిని ఏమని అడుగుతాం? అది ప్రభువుకే చెప్పుకున్నాను.

వానాకాలంలో నాయనమ్మ పోయింది. ఆఖరి క్షణంలో కళ్ళు తెరిచి ప్రభువు పేరు పలికిందని చెప్తే వినేవాళ్ళకు బాగుంటుంది. అలా ఏమీ జరగలేదు. గంజి వేడిగా ఉందని తాతయ్య మీద విసుక్కుని, అటు తిరిగి పడుకుంది. మళ్ళీ లేవలేదు. సమాధి దగ్గర గుమాస్తాగారు ప్రార్థన చేశారు. ఆవిడకు రక్షణ ఇమ్మని అడగలేదు. ఇచ్చి, కాపాడి, చేర్చుకున్నందుకు వందనాలు చెప్పారు. నా పక్కన తాతయ్య గట్టిగా ఆమేన్ అన్నాడు.

ఆ తరవాత నా బతుకులో నేనూ ఒగ్గేసిన రోజులున్నాయి. మా ఆయన పోయినప్పుడు రెండేళ్ళు మందిరం గడప తొక్కలేదు, దేవుడితో మాట్లాడలేదు. ఆ రెండేళ్ళూ దేవుడికి నా మీద హక్కు పోయిందని మాత్రం ఒక్కనాడూ అనిపించలేదు. ఇంటిమీద అలిగి వీధరుగు మీద కూర్చున్నదానిలా ఉండి, కోపం తీరాక లోపలికి వచ్చేశాను.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. కోడల్ని మా చెల్లెలి పేరుతో పిలుస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు వెతుకుతున్నాను. పిల్లలు నా ముందు నవ్వి, చాటుకు వెళ్ళి బెంగపడుతున్నారని తెలుసు. మొన్న రాత్రి అందరూ కంచాల ముందు కూర్చున్నాక, అలవాటుగా నేనే ప్రార్థన మొదలుపెట్టాను. రెండు మాటలయ్యాక మూడోది రాలేదు. ఎంత వెతికినా దొరకలేదు. కళ్ళు తెరిస్తే నా కొడుకు ముఖం పాలిపోయి ఉంది. మనవలు కళ్ళు మూసుకుని ఇంకా ఎదురుచూస్తున్నారు. మిగతాది ఆయనకు తెలుసు, ఆమేన్ అన్నాను. అన్నం చల్లారిపోతోంది, వడ్డించమన్నాను. ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాను.